పాడ్యమి నాటి మానిటర్

మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసి వచ్చిన వాళ్లను ఊరంతా ప్లీడరును చూసినట్టు చూసిన కాలం ఒకటుండేది. అప్పుడు నేను డిగ్రీ పూర్తి చేసి పెబ్బేరులో ఖాళీగా ఉన్నాను. వనపర్తికి పోయి ఆ మూడు నెలలూ చదివి (అందులో నెలన్నర కరెంటు లేక, మిగిలిన దాంట్లో సగం బొమ్మలకు రంగులు నింపడంతో గడిచిపోయింది) ఒక సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. అది చూపించి గద్వాలలో ఒక చీరల వ్యాపారి దగ్గర డిజైన్లు గీసే పనికి పోయాను. "కంప్యూటర్ గురించి అంతా తెలుసునా బిడ్డా?" అని ఆయన అడిగితే "అంతా తెలుసు సార్" అన్నాను. ఆ రోజు "కొంచెం" అని ఉంటే నా ప్రాణం ఎంత హాయిగా ఉండేదో!

ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. ఏ చీర చేతికిచ్చినా ముందు అంచు పట్టుకుని చూసే అలవాటు వల్ల ఊరందరికీ ఆయన అంచుసారు. ఇంటి వెనక నాలుగు మగ్గాలు, ముందు గదిలో ఎక్కడో మూతపడిన ఇంటర్నెట్ సెంటర్ నుంచి తెచ్చిన పాత కంప్యూటర్ ఉండేవి. అంతకుముందు కొంగు మీది బొమ్మలను ఒక పెద్దాయన గళ్ల కాగితం మీద చేత్తో గీసేవాడట. ఆయనకు చూపు తగ్గడంతో నాకు పిలుపు వచ్చింది. "ఒక్క నెల చూస్త. కుదిరితే ఉండు, లేకుంటే మళ్ల గళ్ల కాగితమే" అని అంచుసారు మొదటి రోజే తేల్చి చెప్పారు. కుదరకపోతే నేను మా మామ ఎరువుల దుకాణంలో కూర్చోవాలి. ఆ వాసనకే నాకు తలనొప్పి వచ్చేది. అందుకే ఆ నెల నాకు పరీక్షల నెల కంటే ఎక్కువైంది.

నెల ఇంకా నిండకముందే నాగర్‌కర్నూల్ నుంచి ఒక పెళ్లివారు వస్తామని కబురు చేశారు. పదకొండు చీరలు, అన్నీ ఒకే కొంగు, బొమ్మ ముందు చూసి నచ్చితేనే నేయించుకుంటారు. మా చిన్న మానిటర్‌లో నేను కొంగుకు గీసిన నెమలి పిచ్చుకలా కనబడేది. అందుకని అంచుసారు దాన్ని మార్పిడికి ఇచ్చేసి, వాడిన పెద్ద మానిటర్ ఒకటి తెప్పించారు. అది వచ్చింది అమావాస్య నాడు. ఆ రోజు మగ్గం నడవదు. మగ్గాలను దులిపి, తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొడతారు. ఎక్కడెక్కడ బొట్టు పెట్టాలని నేనడిగితే అంచుసారు భార్య (నేను అక్కా అని పిలిచేదాన్ని) చెప్పింది. "దారం ఎక్కడెక్కడ దూరుతదో అక్కడల్ల పెట్టాలె."

కంప్యూటర్ పూజ నా వంతుకు వచ్చింది. మగ్గానికి దారం ఎట్లాగో కంప్యూటర్‌కు వైరు అట్లాగే కదా! నాకు ఆ తర్కంలో ఎక్కడా లోపం కనబడలేదు (ఇప్పటికీ పెద్దగా కనబడదు). వైర్లన్నీ పీకి, పెట్టెను తుడిచి, పసుపును చిక్కగా కలిపి, వెనక వైపు వైరు దూరే రంధ్రాలన్నింటికీ భక్తిగా బొట్లు పెట్టాను. అంచుసారు చూసి "మా ఇంటి పిల్ల లెక్కనే చేసినవ్" అని మెచ్చుకున్నారు. ఆ మాటకు పొంగిపోయి సాయంత్రం బస్సెక్కాను.

మర్నాడు పొద్దున్నే కొత్త మానిటర్ బిగించడానికి కూర్చున్నాను. దాని వైరు తగిలించే నీలం రంగు చోట్లు పెట్టె వెనక రెండు ఉన్నాయి, పైన ఒకటి, కింద ఒకటి. పాత మానిటర్ వైరు ఎందులో ఉండేదో పీకేటప్పుడు చూసుకోలేదు. కింది దాంట్లోకి ఎంత నెట్టినా వైరు దిగలేదు. పైదాంట్లోకి మాత్రం హాయిగా దిగింది. సరే, ఇదే కాబోలు అనుకుని మీట నొక్కాను. పెట్టెలో ఫ్యాను తిరిగింది. విండోస్ మొదలైనప్పుడు వచ్చే చప్పుడూ వినిపించింది. తెర మీద మాత్రం సిగ్నల్ లేదని ఒక మాట వచ్చి, అదీ ఆరిపోయింది. ఇంట్లో మనిషి పలుకుతున్నాడు గానీ తలుపు తీయడం లేదన్నట్టుంది వ్యవహారం.

"ఏమైంది బిడ్డా?" అన్నారు అంచుసారు. "డ్రైవర్లు ఎక్కలేదు సార్" అన్నాను ఘనంగా. ఆ మాటకు అర్థం నాకూ సగమే తెలుసు. పది సార్లు ఆర్పి వెలిగించాను. మానిటర్‌ను తట్టాను, బతిమాలాను. అక్క వచ్చి చూసి "నేను చెప్పలేదా, పాడ్యమి నాడు కొత్తది మొదలువెట్టొద్దని!" అంది. అంచుసారు మానిటర్‌ను దుప్పటిలో చుట్టి, స్కూటర్ మీద పెట్టి, పాత బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగు చేసే భాయ్ దుకాణానికి తీసుకుపోయారు. అక్కడ శుభ్రంగా వెలిగిందట! తిరిగి తెస్తే మళ్లీ చీకటే. వైరు మార్చి తెచ్చారు, చీకటే. రెండోసారి దుప్పటి చుట్టి తీసుకుపోయారు. అక్కడ మళ్లీ వెలుగు. "గిదేంది బిడ్డా, బయట నవ్వుతది, ఇంట్ల మూతి ముడుస్తది" అని ఆయన నావైపు చూశారు. నాకేమీ అర్థం కాలేదు. మానిటర్ మంచిది, వైరు మంచిది, కంప్యూటర్ నడుస్తోంది. ఇక చెడ్డదేదైనా మిగిలి ఉంటే అది నేనే అనిపించి ఏడుపొచ్చింది.

పదకొండున్నరకు పెళ్లివారు దిగారు. ముగ్గురు ఆడవాళ్లు, ముగ్గురూ పట్టుచీరల్లోనే వచ్చారు. అక్క చాయ్ ఇచ్చింది. చాయ్ అయిపోయాక ఇంకో చాయ్ ఇచ్చింది. "ఏదమ్మా, ఆ కొంగు సూపియ్యి. మళ్ల బస్సుకు పోవాలె" అని పెద్దావిడ అంటోంది. అదిగో అప్పుడు భాయ్ తానే వచ్చాడు. తెల్ల గడ్డం, చేతిలో చిన్న సంచి. "జర జరుగు బేటీ" అని బల్ల వెనక చతికిలబడి టార్చి వేశాడు. నేనూ పక్కనే వంగి కూర్చున్నాను. పై చోటును వేలితో చూపించి "ఇది ఎప్పుడో పాడైంది. అందుకే కింద బొమ్మ వచ్చే కార్డు వేరే వేసి ఇచ్చిన. అందులోనే పెట్టాలె" అన్నాడు. ఆ కింది దానిమీద టార్చి పడగానే ఆగిపోయాడు. పదిహేను బుల్లి రంధ్రాలూ పసుపుతో గట్టిగా పూడిపోయి ఉన్నాయి.

భాయ్ ఆ పసుపును చూశాడు. తర్వాత నా కుడిచేతి ఉంగరపు వేలిని చూశాడు, అది ఇంకా పచ్చగానే ఉంది. కంప్యూటర్ మీట ఆర్పేసి, సంచిలోంచి సూది తీసి ఒక్కొక్క రంధ్రమే ఓపికగా గోకాడు. పసుపు పొడిలా రాలింది. "భక్తి మంచిదే బేటీ. బొట్టు నెత్తి మీద పెట్టు, కండ్లల్ల పెట్టకు" అన్నాడు నాకు మాత్రమే వినిపించేలా. వైరు బిగించి మీట నొక్కాడు. నేను కొంగు బొమ్మ తెరవగానే తెర మీద మూరెడు నెమలి పురి విప్పింది. పెళ్లివారు ముగ్గురూ ఒక్కసారే లేచి నిలబడ్డారు. "ఏముండె భాయ్?" అని అంచుసారు అడిగారు. నేను కళ్లు మూసుకున్నాను. "ఏం లేదు సేట్, వైరు లూజు" అన్నాడు భాయ్. ఎందుకో అంచుసారు కూడా ఇంకేమీ అడగలేదు.

పదకొండు చీరలూ కుదిరాయి, నా పనీ కుదిరింది. అక్కడ ఆరేళ్లు చేశాను. కానీ ఆ పసుపు మాట కడుపులో ముల్లులా ఉండిపోయింది. అంచుసారు నన్ను మెచ్చుకున్న ప్రతిసారీ, చెప్పేద్దామా అని నోటిదాకా వచ్చేది. వాన పడి మానిటర్ కాస్త మినుకుమన్నా, పసుపు బయటపడిందేమోనని లేచి పెట్టె వెనక తొంగి చూసేదాన్ని.

మొన్న ధరూర్‌లో ఒక పెళ్లిలో అంచుసారు కలిశారు. జుట్టంతా నెరిసింది. కొత్త పెళ్లికూతురి చీర అంచు పట్టుకుని చూసి, వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఇన్నేళ్ల తర్వాత ఇక కొట్టరు కదా అని, ఆ రోజు కంప్యూటర్ చెడిపోయింది నా బొట్టు వల్లేనని చెప్పేశాను. ఆయన నవ్వలేదు. అక్క దగ్గరలో ఉందేమోనని అటూ ఇటూ చూసి, నా వైపు వంగారు.

"నీ వల్ల ఎందుకైతది బిడ్డా? నువ్వు పొయ్యినంక చూస్తే కిందిదానికి బొట్టు సరిగ కనవడలే. పిల్ల మరిచిందేమో అని నేనే నిండుగ పెట్టిన. మెత్తి మెత్తి పెట్టిన. భాయ్ గోకుతుంటే పసుపు రాలె, నేను చూసిన. తర్వాత దుకాణానికి పోయి ఎవ్వరికి చెప్పకని చేతులు పట్టుకున్న. గిన్నేండ్లు మా ఆమెకు కూడ చెప్పలే."

ఆ పసుపు నాదా, ఆయనదా, ఇద్దరిదా? ఎంత ఆలోచించినా తేలలేదు. ఇద్దరమూ వడ్డన పంక్తిలో కూర్చుని కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం. ఇంటికొచ్చే దారిలో మాత్రం నాకు ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొచ్చింది. ఆ పాడ్యమి సాయంత్రం కృష్ణ దాటే బస్సులో కిటికీ పక్కన, పచ్చటి వేలిని పిడికిట్లో దాచుకుని, సంగతి బయటపడితే రేపు నా పని ఉంటుందా పోతుందా అని కుంగిపోతూ కూర్చున్న పిల్ల. ఆమె పక్క సీట్లో కాసేపు కూర్చుని, "అంత భయం ఎందుకే పిచ్చిదానా, అక్కడ మీ సారు కూడా నీలాగే వేలు దాచుకుని తిరుగుతున్నాడు" అని చెప్పి రావాలనిపించింది.