గొడుగు కొన్న మొగుడు మస్తాన్ సాహెబ్

మస్తాన్ సాహెబ్ గారు ఉరవకొండలో కన్నుమూశారన్న వార్త నేను గుంతకల్లు రైల్వే పార్సెల్ ఆఫీసులో పనిలో ఉండగా చేరింది. చేతిలోని కలం అలాగే నిలిచిపోయింది. మా సీమ రంగస్థలంపై హాస్యరసానికి ప్రాణప్రతిష్ఠ చేసిన ఆ మహానటుడు ఇక లేరన్న సత్యాన్ని నా హృదయం ఇప్పటికీ అంగీకరించడం లేదు.

పందొమ్మిది వందల యాభైల తొలినాళ్లలో ఆయనది భర్త వేషం, శింగనమల నరసప్పది భార్య వేషం. వానలు లేని ఏడు గొడుగు కొనుక్కొచ్చిన మొగుణ్ణి పెళ్లాం నిలదీసే ఘట్టాన్ని నేను పదకొండుసార్లు చూశాను. తరువాత ఆ నాటక సమాజం మూతపడింది. ఆ జంట ఏమైందో తెలియలేదు.

ఏడేళ్లకు, సాహెబ్ గారు ఉరవకొండలోనే విశ్రాంతిగా ఉన్నారని ఒక ప్రయాణికుడు చెప్పాడు. ఆ ఆదివారమే బస్సెక్కాను. ఏమని పలకరించాలో దారి పొడవునా వల్లె వేసుకున్నాను. తీరా చూస్తే ఆయన వసారాలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. వల్లె వేసుకున్నదంతా మరిచి, నమస్కారం పెట్టి మెట్టు దగ్గరే నిలబడిపోయాను.

“ఏమప్పా, దారి తప్పినావా?” అన్నారు.

అదే గొంతు. ఒళ్లు పులకరించింది. ఆ ఉత్సాహంలో నోరు జారాను. “నరసప్పన్న యాడుండాడు సాబ్?”

ఆయన ముఖం వాడిపోయింది. భార్య ఖాసింబీ గారు నన్ను పక్కకు పిలిచారు. “ఆ పేరెత్తొద్దు నాయనా. కడపటి నాటకంలో ఈయన మాటకు అడ్డమొచ్చి ఆయన జనాన్ని నవ్వించినాడంట. అందరి ముందర ఈయన ఆయన్ని నానా మాటలన్నాడు. ఆ పొద్దు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.”

మాట మార్చాలని గొడుగు ఘట్టం నేనే చెప్పబోయాను. రెండు మాటలకే నాకు నవ్వొచ్చింది. సాహెబ్ గారు భరించలేకపోయారు.

“అట్ల కాదప్పా. నవ్వించేటోడు ముందు నవ్వకూడదు. జనం నవ్వల్ల.”

లేచి, చేతికర్రను గొడుగులా పట్టుకున్నారు. “గొడుగు ఉండాదని తెలిస్తే వానకు ధైర్యమొస్తాది మే” అని ఎదుట లేని పెళ్లాంతో అన్నారు. పదకొండుసార్లు విన్న మాటే. నా కళ్లముందు, రెండడుగుల దూరంలో. తరువాత ఆగిపోయారు. బదులు చెప్పడానికి ఎవరూ లేరు.

“దీనికి మారు చెప్పడానికి వాడుండల్ల” అని మెల్లగా కూర్చున్నారు.

మరుసటి ఆదివారం శింగనమల వెళ్లాను. నరసప్ప తాడు పేనుతున్నాడు. జరిగినదంతా చెప్పాను. అతను పేనడం ఆపలేదు.

“నేను పోతే రానిస్తాడా?”

“తెలీదన్నా. నువ్వుండల్ల అని మాత్రం అన్నాడు.”

నరసప్ప తాడు కింద పెట్టి చొక్కా తొడుక్కున్నాడు.

ఉరవకొండ ఇంటి గుమ్మంలో నిలిచిన నరసప్పను చూసి సాహెబ్ గారు లేవలేదు. నరసప్ప భుజం మీది తువ్వాలును కొంగులా తల మీదికి లాక్కుని, నడుం మీద చెయ్యి పెట్టాడు.

“వానకు ధైర్యం లేక కాదు. నీ మొగం చూసి ఎనక్కి పోతాండాది.”

నవ్వకూడదని నాకు నేర్పిన మనిషి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. తరువాత నరసప్ప చెయ్యి పట్టుకుని, “తప్పు నాదేరా. ఆ పొద్దు నీ మాటకే జనం ఎక్కువ నవ్వినారు. ఓర్వలేకపోయినా” అన్నారు.

ఆ మధ్యాహ్నం ఘట్టమంతా ఆడారు. ఇరుగుపొరుగు గోడల మీదుగా తొంగిచూశారు. ముందు వరుస మొత్తం నాదే. నా జీవితంలో అంతటి ఆనందం మళ్లీ ఎరగను. అది మొదలు ఈ అయిదేళ్లూ నెలకొక ఆదివారం ముగ్గురం అక్కడే గడిపాం.

చావు కబురంది నేను వెళ్లేసరికి నరసప్ప అప్పటికే అక్కడున్నాడు. జనాజాను భుజాలకెత్తుకునేటప్పుడు సాహెబ్ గారి పెద్ద కొడుకు పక్కకు జరిగి తన చోటు అతనికిచ్చాడు. ఖబరస్థాన్ చేరేదాకా నరసప్ప భుజం మార్చలేదు.

ఎండిన ఈ నేల మీద వేలమందిని నవ్వించి వెళ్లిన ఆ ధన్యజీవికి ఒక అభిమానిగా చేతులు జోడిస్తున్నాను. ఆ వేషం రేపు మరొకరు కట్టవచ్చు. చూడడానికి మాత్రం నేను పోలేను.