మైనస్ తిండి

లోకంలోని లావు మనుషులందర్నీ వరసలో నిలబెట్టి, మా అమ్మమ్మ చేతికి ఒక్క బుట్టెడు కీరా దోసకాయలిచ్చి చూడండి. సాయంత్రానికి భూమి బరువు సగానికి సగం పడిపోతుంది. పడకపోతే ఆ తప్పు భూమిది, అమ్మమ్మది మాత్రం కాదు.

అమ్మమ్మ బట్టలు కుడుతుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళ నడుముకి టేపు చుడుతూనే, అడిగినా అడక్కపోయినా వైద్యం మొదలుపెడుతుంది. కీరా, క్యాబేజీ, ముల్లంగి, ఇవన్నీ మైనస్ తిండి అంటుంది. వాటిలో ఉండే బలం కన్నా వాటిని నమిలి అరిగించుకోవడానికి ఖర్చయ్యే బలమే ఎక్కువట. అందుకని తిన్నకొద్దీ మనిషి తరిగిపోవాలి. ఈ సంగతి చెప్పే మా అమ్మమ్మ మాత్రం తలుపు రెండు రెక్కలూ బార్లా తీస్తే తప్ప గదిలోంచి బయటికి రాలేదు.

"మరి నువ్వెందుకు తరగలేదు?" అని అడిగానొకసారి.

"తరిగే ఇలా ఉన్నానే! తినకపోతే ఎలా ఉండేదాన్నో ఊహించుకో."

ఊహించుకున్నాను. గోడ పడగొట్టించాల్సి వచ్చేది.

నేను పదో తరగతి లెక్కల్లో తప్పి, ఆవిడ దగ్గరే గుండీలు కుట్టే పనిలో కుదిరాను. ప్లస్సూ మైనస్సూ కలిస్తే ఏమవుతుందో బడిలో ఎవరూ నా బుర్రకెక్కించలేకపోయారు. అమ్మమ్మ ఒక్క పూటలో ఎక్కించింది. ముందు కేకు ముక్క తినాలి, అది ప్లస్. దాని మీద కీరా తినాలి, అది మైనస్. చెల్లుకి చెల్లు.

"ఇప్పుడు నేనేం తిన్నట్టే?" అంది అమ్మమ్మ.

"ఏమీ తిననట్టే."

"అయితే ఇంకా కూర్చున్నావేం? భోజనం వడ్డించు."

వీధి చివరి బేకరీ ఆయనకి ఈ వైద్యం మీద మహా గురి. ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి వచ్చినప్పుడల్లా అట్టపెట్టె నిండా కేకులు పట్టుకొచ్చేవాడు. కానీ పాపం, ఆయనకో భయం పట్టుకుంది.

"అమ్మగారూ, వట్టి కీరాలే తింటూ పోతే చివరికి మనిషి మాయమైపోడూ?"

"పోడా మరి! అందుకేగా మధ్యమధ్య కేకు తినమనేది."

ఆయన గండం గడిచినట్టు ఊపిరి పీల్చుకుని, పెట్టె విప్పి ముందు తనే ఒకటి నోట్లో వేసుకున్నాడు.

అసలు ఈ పిచ్చి అమ్మమ్మకి మొదట్నుంచీ లేదు. పిన్ని తిండి మానేశాకే పట్టుకుంది. ఆ రెంటికీ ముడి ఉందని నాకు చాలాకాలం తట్టలేదు. లెక్కల్లో ఎందుకు తప్పానో మీకీపాటికి తెలిసే ఉంటుంది.

పిన్ని ఒక హోటల్లో, వచ్చినవాళ్ళకి గదుల తాళాలందించే కౌంటరు దగ్గర పని చేస్తుంది. ఒకరోజు మేనేజరు నలుగురి ముందూ, "యూనిఫారం కుట్లు తెగేలా ఉన్నాయండీ, కాస్త చూసుకోండి" అన్నాడు. ఆ పూటనుంచి పిన్ని నోరు కట్టేసుకుంది. పొద్దున వేణ్ణీళ్ళు, రాత్రి వేణ్ణీళ్ళు. బుగ్గలు లోపలికి పోయాయి. జుట్టు తల మీద కన్నా దువ్వెనలోనే ఎక్కువ కనపడేది. అమ్మమ్మ బతిమాలింది, తిట్టింది, కంచం విసిరికొట్టింది. పిన్ని ముద్ద ముట్టలేదు. చివరికి మెట్ల మీద కళ్ళు తిరిగి పడింది. "ఇలాగే ఉంటే ఈసారి మంచం మీంచి లేవదు" అన్నాడు డాక్టరు. పిన్ని మాత్రం లేవగానే నడుముకి టేపు చుట్టుకుని, ఎంత తగ్గిందో చూసుకుంది.

అది అమ్మమ్మ చూసింది. మర్నాటినుంచి కొలతలకొచ్చిన ప్రతివాళ్ళకీ, పక్కగదిలో పడుకున్న పిన్నికి వినపడేంత గట్టిగా, మైనస్ తిండి పాఠం అందుకుంది. అలా కొన్నాళ్ళు చెవుల్లో పోసి పోసి, ఒక సాయంత్రం క్యాబేజీ సూపు గిన్నె తెచ్చి పిన్ని ముందు పెట్టింది.

"నాకొద్దమ్మా."

"వద్దంటే మానెయ్. తాగితే తగ్గేది నువ్వు, నాకేం పోయింది?"

"నిజంగా తగ్గుతారా?"

"బేకరీ ఆయన్నడుగు."

పిన్ని గిన్నెలోకి అనుమానంగా చూసింది. ఒక చెంచా తాగింది. గిన్నె ఖాళీ చేసి, "ఇంకొంచెం తాగితే ఇంకా తగ్గుతానా?" అంది.

"ఎంత తాగితే అంత!"

అప్పట్నుంచి పూటపూటా సూపే. బుగ్గలు పైకొచ్చాయి, జుట్టు తల మీద నిలిచింది, నా మీద కేకలెయ్యడానికి గొంతు కూడా లేచింది. విచిత్రమేమిటంటే, మొహం నిండుతున్నకొద్దీ నడుము దగ్గర స్కర్టు వదులవుతోంది. "చూడవే, ఎంత సన్నబడ్డానో!" అని పిన్ని ఇల్లంతా గిరగిరా తిరిగింది. "బాగా తగ్గారే!" అని ఆ మేనేజరే అన్నాడట.

ఒకరోజు కీరా ముక్కల్లోకి ఉప్పు కోసం వంటింట్లోకి వెళ్ళాను. అమ్మమ్మ సూపు గిన్నె మీద వంగి, గుప్పెడంత వెన్నముద్ద, గరిటెడు మీగడ, మెత్తగా రుబ్బిన జీడిపప్పు ఒకదాని వెనక ఒకటి అందులో కలుపుతోంది. భుజం మీద పిన్ని యూనిఫారం స్కర్టు వేలాడుతోంది. దాని నడుము కుట్లు విప్పేసి ఉన్నాయి.

"అమ్మమ్మా! ఇది మైనస్సా?"

"తలుపెయ్యి ముందు. వాసన బయటికి పోతుంది."

"ఆ స్కర్టు కూడా నీ పనేనా?"

"లోపల మడత ఎక్కువ వదిలి కుట్టాను. ఎందుకు వదుల్తారనుకున్నావు, అందానికా?"

"పిన్నికి తెలిస్తేనో?"

అమ్మమ్మ సూపులో ఇంకో చెంచా వెన్న వేసి, తీరిగ్గా కలిపి, నావంక చూసింది.

"తెలిస్తే తెలియనీవే. అప్పటికి అరిగిపోయుంటుంది."