ఖాలా గాజులు వేసుకొచ్చిన రోజు

సోలాపూర్ ఇంకా బొంబాయి రాష్ట్రంలో ఉన్న రోజులు. మొదటి కాన్పుకి దాజీ పేట్‌లోని పుట్టింటికి వచ్చాను. ఏడో నెలలో నాకు గాజులు తొడిగించాలని అమ్మ మంచిరోజు చూపించింది. చూపించాక తనే దిగులు పడింది. ఆ దిగులంతా పక్కింటి ఖాలా గురించి. ఖాలా అంటే వాళ్ల ఉర్దూలో పిన్ని, అమ్మకి చెల్లెలి లెక్క.

ఒకే వాడలో గోడకి అటు వాళ్లు, ఇటు మేము. అమ్మ కండెలు చుట్టడంలో తలమునకలై ఉంటే నన్ను చంకనేసుకుని తిరిగింది ఖాలానే. ఆమె భర్త మా మగ్గాల నూలుకి రంగులద్దేవాడు. నా పెళ్లిలో ఇంటి మనిషిలా కష్టపడ్డాడని నాన్న ఆయన వేలికి బంగారు ఉంగరం పెట్టబోయాడు. "మా మగోళ్లకు బంగారం హరామ్ భాయ్. వెండిదైతె వేసుకుంట," అని ఆయన నవ్వుతూ తిరిగిచ్చేశాడు. నాన్న కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత వెండిదే చేయించాడు. ఆ ఏడు వానాకాలంలోనే జ్వరమొచ్చి ఆయన పోయాడు.

ఆయన పోయిన రోజే ఖాలా గాజులు, కమ్మలు, ముక్కుపుల్ల తీసేసింది. గడప దాటలేదు. అమ్మ రోజూ వెళ్లి ఆమె దగ్గర కూర్చునేది గానీ గాజుల మాట ఎత్తేది కాదు. ఎత్తడానికి ఏముంది? మావాళ్లలో ఒకసారి తీస్తే తీసినట్టే. మా మేనత్త చిన్న వయసులోనే బోసి చేతులతో మా ఇంటికొచ్చింది. ఇంట్లో శుభకార్యమంటే ఎవరూ చెప్పకుండానే వెనక గదిలోకి వెళ్లిపోయేది. ఖాలా రాత కూడా అంతే అనుకున్నాం.

"పిలిస్తె ఈ గాజులన్ని చూసి కుమిలిపోతది. పిలవకుంటె నా పాణం ఊకోదు," అంది అమ్మ.

"ఖాలా తొడగకుంటె నేను చెయ్యి చాపను," అన్నాను. కడుపుతో ఉన్నదాన్ని, నా మొండితనానికి అడ్డెవరు? అయినా అమ్మ పిలవలేదు.

ఆ రోజు గాజులామె వచ్చి మలారం విప్పింది. వాడలోని ఆడవాళ్లు బీడీల చేటలు పక్కన పెట్టి వచ్చి కూర్చున్నారు. నేను చేతులు కొంగులో దాచుకున్నాను. బుజ్జగించారు, తిట్టారు, అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకూ ఏడుపు వస్తోంది గానీ చేతులు మాత్రం తియ్యలేదు. అప్పుడు వాకిట్లోంచి ఖాలా లోపలికి వచ్చింది. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, చెవులకి బంగారు కమ్మలు.

"ఏంది అక్కా, బిడ్డకు గాజులు తొడుగుతుంటె నాకు ఖబరే లేదు? గోడ అవతల్నే ఉన్న గదా?" నిజంగానే కోపంగా ఉంది.

అమ్మ ఆమె చేతులే చూస్తోంది. "మరి నువ్వు గాజులు..."

"ఇద్దత్ నిన్ననే తీరింది. మొగుడు పోతె నాలుగు నెలల పది దినాలు సింగారం చేసుకోవద్దు. అటెన్క వేసుకోనీకి మనా లేదు. ఆడోళ్లకు బంగారం గూడ జాయజే."

"మల్ల ఎన్నడు వేసుకోవనుకున్న."

"ఎవరు చెప్పిన్రు నీకు? ఆయన యాదికొస్తె ఇప్పటికీ ఏడుస్త. గాజులు తీసేస్తె ఏడుపు ఆగుతదా?"

అమ్మ ఆమె భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకైతే గుండెల మీది బండ దించినట్టయింది. ఇన్ని నెలలు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఈ ఒక్క మాట అడగలేదు చూడండి. కొంగులోంచి చేతులు బయటికి తీశాను. ఖాలా నా ఎడమ చేతికి మొదటి గాజు ఎక్కించింది.

చెయ్యి నిండేదాకా చూసి, అమ్మ లేచి వెనక గది తలుపు తీసింది.

"వదినా, బయటికి రా."

"నేనెందుకు," అంది మేనత్త లోపల్నించే. ఒక ముసలామె ఏదో గొణిగింది.

"చెల్లె తొడగంగ లేనిది వదిన తొడిగితె ఏమైతది? ఈమె గూడ సాకింది గదా పిల్లను," అంది అమ్మ.

మేనత్త వచ్చి నా ముందు కూర్చుంది. గాజు ఎక్కించడానికి ఆమెకి చెయ్యి తిరగలేదు. ఒకటి చిట్లింది. ఖాలా ఆమె వేళ్లు పట్టుకుని, ఇట్ల నొక్కాలె అని చూపించింది. మెల్లగా నా కుడి చెయ్యి కూడా నిండింది. తొడగడం అయిపోయినా మేనత్త నా చెయ్యి వదల్లేదు. గాజుల్ని మోచేతి దాకా జరుపుతూ, మళ్లీ కిందికి తెస్తూ, ఆ చప్పుడు వింటూ చాలాసేపు కూర్చుంది.