ఇద్దరు ప్రతాపరుద్రులు, ఒక్క పెళ్లి

నేను బడి మెట్లెక్కి ఎరుగను. చదవడం, కథలు చెప్పడం ఇంట్లో నాన్నే నేర్పారు. పోయినేడాది పెనుబల్లి దగ్గర మా ఊరి బడిలో పిల్లలకు చరిత్ర కథ చెప్పమని పిలిస్తే, రామయ్యకు దండం పెట్టుకుని వెళ్లాను. ఆరో తరగతి చదివే మా మనవరాలు మొదటి వరుసలో కూర్చుని, "మా అమ్మమ్మే!" అని అందరికీ చూపిస్తోంది.

ఓరుగల్లు ప్రతాపరుద్రుడి కథ ఎత్తుకున్నాను. యుద్ధాలు చేయించాను. చివరికి ఆయన కూతుర్ని విజయనగరం కృష్ణరాయలకిచ్చి ఘనంగా పెళ్లి కూడా చేశాను.

వెనక నుంచి ఒక పిల్ల లేచింది. "అమ్మమ్మా, ఓరుగల్లు రాజు పోయినంక దగ్గర దగ్గర రెండొందల ఏండ్లకు రాయలు వచ్చిండు. మరి బిడ్డనెట్ల ఇచ్చిండు?"

బడంతా గొల్లుమంది. మనవరాలు తల దించుకుంది. నా పరువు సరే, రేపటి నుంచి మా మనవరాలు ఈ బడిలో తలెత్తుకోవద్దా?

"గట్లయితే నేను ఎవల బిడ్డకు పెళ్లి జేసిన తల్లీ?" అని అడిగాను.

"ఒడిశా రాజు బిడ్డకు. ఆయన గూడ ప్రతాపరుద్రుడే, గజపతి. మనోడు కాకతీయుడు."

నాన్న చెప్పిన ఇద్దరు రాజులను నేను ఒక్కరిని చేసేశానన్నమాట!

"మా వాడల నలుగురు సీతమ్మలుంటే బోరింగు సీతమ్మ, కిరాణం సీతమ్మ అని పిలుసుకుంటం. రాజులను గూడ గట్లనే గుర్తుపెట్టుకోవాలె గద! రా బిడ్డా, మిగతా పెళ్లి నువ్వే చెయ్యి" అన్నాను. అందరూ నవ్వుతూ చప్పట్లు కొట్టారు. ముందుగా కొట్టింది మా మనవరాలే.

ఈ వయసులో నాకొక చిన్ని గురువును చూపించినందుకు ఆ రామయ్యకు ఎన్ని దండాలు పెట్టినా చాలవు. ఇంటికి వస్తుంటే మనవరాలు నా చెయ్యి పట్టుకుని, "మళ్ల గూడ రా అమ్మమ్మా. గాని ముందుగాల ఇంట్ల నాకు చెప్పి సూపియ్యి" అంది.