ఇలారియా మెడలో తాళంచెవి

కాసిమిరా కంపెనీవాడి దగ్గర డబ్బు తిని బావి చూపించిందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అది పచ్చి అబద్ధం. ఆమె చిల్లిగవ్వ ముట్టలేదు. చూపించిన మాట మాత్రం నిజం. ఎందుకు చూపించిందంటే, కుళ్లుతో. కడుపునిండా కుళ్లుతో.

కొచబాంబా ఊరికి దక్షిణాన గుట్టల మీద మా పేటకి సర్కారు కుళాయి ఎన్నడూ రాలేదు. ఇంటికో మనిషి చొప్పున ఆదివారాలు తవ్వి, చందాలేసుకుని మోటారు పెట్టి, మా బావి మేమే చేసుకున్నాం. సిమెంటు మూత ఇంకా పచ్చిగా ఉండగా తవ్విన ఇళ్లవాళ్లంతా దాని మీద అరచెయ్యి అద్దారు. ఇలారియా చెయ్యి నడిమధ్యన పడింది. కాసిమిరా వచ్చేసరికి అంచున కాస్త చోటు మిగిలింది. నిజానికి ఆమెకంటే ఎక్కువ మట్టి మోసిన ఆడది పేటలో లేదు.

పైగా ఇలారియా ఇల్లు బావి పక్కనే కాబట్టి మోటారు గది తాళంచెవి ఆమెకే ఇచ్చారు. దాన్ని దండలా మెడలో వేసుకుని తిరిగేది. ఇద్దరిదీ మొక్కజొన్న కల్లు వ్యాపారమే. కల్లు పొంగితే గుమ్మం ముందు గడకి తెల్లజెండా కడతారు, అయిపోతే దించేస్తారు. నీళ్ల వరుస ఇలారియా గుమ్మం ముందే నిలబడుతుంది, నిలబడ్డవాడికి దాహమేస్తుంది. ఆమె జెండా మధ్యాహ్నానికే దిగిపోయేది. కాసిమిరా జెండా ఎండకి పసుపెక్కేది.

"ఏంటి వదినా, నీ జెండా దించడం మర్చిపోయావా?" అనేది ఇలారియా, కాసిమిరా బిందె పట్టడానికి వచ్చినప్పుడు.

"నాది నిదానంగా తాగే కల్లు వదినా. నీది నీళ్లలా దిగిపోతుంది. నీళ్లే కదా."

వరుసంతా నవ్వేది. ఇంటికెళ్లాక కాసిమిరాకి మాత్రం నవ్వొచ్చేది కాదు.

ఆ రోజుల్లోనే సర్కారు ఊరి నీళ్లన్నీ ఒక పరాయిదేశపు కంపెనీ చేతిలో పెట్టింది. గుట్టల మీది బావులు కూడా ఇక వాళ్లవేనని మాటొచ్చింది. పేటంతా కూర్చుని, ఎవడొచ్చి అడిగినా బావి జాడ చెప్పకూడదని ఒట్టేసుకుంది. మూత మీద జొన్నచొప్ప కప్పారు. కాసిమిరా కూడా ఒట్టేసింది గానీ, మనసులో లెక్క వేరు. కంపెనీ ఇంటింటికీ కుళాయి వేస్తే వరుస ఉండదు. వరుస లేకపోతే ఇలారియా కల్లు అడిగేదెవడు? ఆ తాళంచెవితో వీపు గోక్కోవాలి.

ఒక మధ్యాహ్నం కంపెనీ మనిషి రంగు డబ్బా పట్టుకుని, తిరిగి తిరిగి, జెండా చూసి కాసిమిరా ఇంట్లోకొచ్చాడు. ఒక గుమ్మడి చిప్పెడు తాగి, ఇంకో చిప్ప అడిగాడు.

"ఇంత కమ్మగా ఎట్లా చేశావమ్మా? ఏ నీళ్లు ఇవి?"

ఆమె కల్లుని ఎవరైనా అలా మెచ్చుకుని ఎన్నాళ్లయిందో. "రా, చూపిస్తా" అంది.

చొప్ప లాగేసి మూత చూపించింది. వాడు కుంచె ముంచి అంచు దగ్గర కంపెనీ నంబరు వెయ్యబోయాడు, సరిగ్గా ఆమె చేతి గుర్తు మీద.

"అక్కడ నా చెయ్యి ఉంది. మధ్యలో వేసుకో బాబూ, అక్కడ బాగుంటుంది."

"ఎక్కడేస్తే ఏముందమ్మా. మూత మొత్తం ఇక కంపెనీదే."

"మరి ఇళ్లకి కుళాయిలెప్పుడు?"

"అది తర్వాత సంగతి. ముందు దీనికి మీటరు పెడతాం. మీరు తోడుకున్నదానికల్లా బిల్లొస్తుంది."

"మా బావికా?"

"మీదని కాగితముందా?"

కాసిమిరా లెక్క తలకిందులైంది. ఇలారియాని ఓర్వలేకపోతే గుమ్మంలో నిలబడి నాలుగు మాటలు అనొచ్చు, పడొచ్చు. సముద్రం అవతల ఎవడి మెడలోనో తాళంచెవి ఉంటే, ఎవరిని చూసి కుళ్లుకోవాలి? పరికిణీలన్నీ పరుచుకుని మూత మీద చతికిలబడింది.

"లేవమ్మా, రంగు తడిగా ఉంది."

"ఆరనీ."

అలికిడికి ఇలారియా బయటికొచ్చింది. చొప్పని చూసింది, డబ్బాని చూసింది.

"వీణ్ణి నువ్వే తెచ్చావు కదూ?"

"నేనే."

ఇలారియా ఆమె పక్కకొచ్చింది. "కాస్త జరుగు."

"నీ చెయ్యి మధ్యలో ఉందిగా. అక్కడే కూర్చో."

కూర్చుంది. తర్వాత పేటంతా వచ్చి కూర్చుంది. వాడు డబ్బా సర్దుకుని పోయాడు. ఆ తర్వాత కంపెనీ పోవాలని ఊరంతా రోడ్లు మూసేసింది, చివరికి అది వెళ్లిపోయింది. మా బావి మాకు మిగిలింది.

ఒట్టు తప్పినందుకు కాసిమిరా ఇంటికి నీళ్లు ఆపాలని పేట సభలో గొడవయింది. నీళ్లు ఆగితే కల్లు ఆగుతుంది, కల్లు ఆగితే పొయ్యి ఆరుతుంది. ఆమె తల దించుకుని కూర్చుంది. ఇలారియా లేచి మెడలోంచి తాళంచెవి తీసి ఆమె మెడలో వేసింది.

"తెచ్చిందీ ఇదే, ఆపిందీ ఇదే. ఇన్నేళ్లూ దీని కళ్లు ఈ తాళంచెవి మీదే ఉన్నాయి. ఇంతకంటే బాగా కావలి ఎవరు కాస్తారు?"

అందరూ నవ్వారు. గొడవ సద్దుమణిగింది. కానీ తాళంచెవి మారినా బావి కదల్లేదు కదా. ఇప్పుడు కాసిమిరా రోజూ పొద్దున్నే ఇలారియా గుమ్మం దాకా వెళ్లి మోటారు వేస్తుంది. వరుస అక్కడే నిలబడి ఇలారియా కల్లే తాగుతుంది. ఇచ్చేటప్పుడే ఇలారియాకి ఈ సంగతి తెలుసునని కాసిమిరా అనుమానం.

మీరెప్పుడైనా ఆ గుట్ట ఎక్కితే, ముందు కాసిమిరా ఇంటికి వెళ్లండి. ఆమెకి ఒంట్లో ఎలా ఉందో, జెండా పసుపెక్కిందో లేదో చూసి, ఒక చిప్ప తాగి, దూరంగా ఉన్న నాకో కబురు పెట్టండి. దారిలో ఇలారియా దగ్గర తాగితే మాత్రం మూతి తుడుచుకుని వెళ్లండి.