కడగని పేజీ

మొదటి దెబ్బ నేను చూడలేదు, విన్నాను. ఎండిన కొబ్బరిమట్టను మోకాలికేసి విరిచినట్టు చప్పుడు. షెడ్డులోంచి బయటికి పరిగెత్తేసరికి ఉప్పాడ ఒడ్డున ఇసకలో ఒక మనిషి మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. అతని కుడిచెయ్యి మణికట్టు దగ్గర తిరగకూడని వైపు తిరిగి ఉంది. ఎదురుగా తెడ్డు పట్టుకుని నిలబడ్డవాడు పరాయివాడు కాదు, అతని భార్యకు స్వయానా అన్న.

"నా వల కోస్తావా బావా? నీకు సొంతోడి వలే దొరికిందా?"

"నేనటేపు ఎల్లలేదు బావా. మోటారు మొరాయిస్తే మధ్యలోంచే వచ్చేసేనని చెప్పేను కదా..."

"నువ్వు సెప్పేదేంటి? కాగితం సెప్తోంది!"

తెడ్డు మళ్ళీ లేచి భుజం మీద పడింది. అన్న బోటు మీద పనిచేసే ముగ్గురు వచ్చి తన్నడం మొదలుపెట్టారు. పక్కటెముకల్లో తన్నారు, వీపు మీద తన్నారు, మొహం మీద తన్నారు. ఒకడు కాలికంటిన రక్తాన్ని ఇసకలో తుడుచుకుని మళ్ళీ తన్నాడు. దెబ్బలు తింటున్నవాడి భార్య చేపలగంప విసిరేసి వచ్చి మొగుడి మీద బోర్లా పడుకుంది. అన్న తెడ్డు ఆమె వీపుకి జానెడు ఎత్తులో ఆగింది.

తెడ్డు పట్టుకున్న చేతిలోనే ఒక కాగితం నలిగి ఉంది. అది దెబ్బలు తింటున్నవాడికి నేను అచ్చు తీసి ఇచ్చిందే, అతని చేతిలోంచి లాక్కున్నట్టున్నాడు. ఇచ్చి పది నిమిషాలు కాలేదు.

నేను కాకినాడలో పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చెప్పి రిటైరయ్యాను. ఉప్పాడ వేటగాళ్ళ సంఘం తమ బోట్లన్నిటికీ అరచేతంత పెట్టెలు కొనుక్కుంది. బోటు సముద్రంలో ఎటెటు తిరిగిందో పెట్టె చుక్కలు చుక్కలుగా గుర్తుపెట్టుకుంటుంది. పొద్దున ఒడ్డుకు రాగానే పెట్టెను షెడ్డులో ఉన్న చిన్న కంప్యూటరుకి తగిలిస్తే ఆ దారి కాగితం మీద పటంగా వస్తుంది. వల ఎక్కడ వదిలారో, చేప ఎక్కడ పడిందో మర్నాడు వెతుక్కోవడానికి పనికొస్తుంది. ఆ కంప్యూటరు, పటం గీసే ప్రోగ్రాము నా చేతి పనే.

బోట్లన్నీ ఇంచుమించు ఒకే వేళకు వచ్చి పడేవి. పటాలు మాత్రం నింపాదిగా వచ్చేవి. షెడ్డు ముందు వరసలో నిలబడి ఆ అన్నే నన్ను ఆటపట్టించేవాడు.

"మాస్టారండీ, మీ మిషను గీత గీసేలోపు నా పచ్చిచేప ఎండుచేప అయిపోద్దండి!"

వరస మొత్తం నవ్వేది. నాకు రోషం వచ్చింది.

కంప్యూటరులో అన్ని ప్రోగ్రాములకూ అడుగున కెర్నల్ అనేది ఒకటి ఉంటుంది. మెమరీ అంతా దాని చేతిలోదే. దాన్ని పేజీలుగా, పేజీకి నాలుగు వేల తొంభై ఆరు బైట్ల చొప్పున, అడిగినవాళ్ళకు పంచుతుంది. ఒకరు వాడి వదిలేసిన పేజీని ఇంకొకరికి ఇచ్చేముందు అంచు నుంచి అంచుదాకా సున్నాలతో నింపుతుంది. పాతవాడి రాత కొత్తవాడికి కనిపించకూడదు. నేను కొలిచి చూస్తే పటానికి పట్టే సమయంలో ఎక్కువ భాగం ఈ తుడుపుకే పోతోంది. ప్రతి పటానికీ ప్రోగ్రాము బోలెడు పేజీలు అడుగుతుంది. కెర్నల్ అవన్నీ తుడిచి ఇస్తుంది. ప్రోగ్రాము వాటిలో నాలుగో ఐదో వాడుకుని అన్నీ వదిలేస్తుంది. తర్వాతి బోటుకి మళ్ళీ అదే తంతు. ఎలాగూ వాటి మీద మన చుక్కలే రాసుకుంటాం కదా, తుడవడం దేనికి అనుకున్నాను. ఆ పని చేసే వరసలు కెర్నల్‌లోంచి తీసేశాను.

ఆ రోజు డైరీలో రాసుకున్నది ఇది: "తుడుపు తీసేశాను. పటం సగం సమయంలో వస్తోంది. అందరికీ సంతోషం." ఆ అన్న రెండు వంజరం చేపలు తెచ్చి నా సంచీలో వేశాడు. "ఇప్పుడు మనిషిలా పనిచేస్తోందండీ మీ మిషను!" అన్నాడు. మా ఆవిడ పులుసు పెట్టింది. తుడుపు తీసేసిన సంగతి ఆవిడకు కూడా చెప్పాను.

మళ్ళీ ఆ పొద్దుటికి వస్తాను. దెబ్బలు తిన్నవాణ్ణి ఆటోలో కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. వెనక అతని భార్య అతని తల ఒళ్ళో పెట్టుకుని రక్తం కారుతున్న అతని నోటికి కొంగు అడ్డుపెట్టింది. కొంగంతా ఎర్రబడింది. బీచ్ రోడ్డు సగం సముద్రం కొరికేసి ఉంది. ఆటో గుంటలో పడ్డప్పుడల్లా విరిగిన చెయ్యి ఊగేది, అతను పళ్ళు బిగించి మూలిగేవాడు.

"మాస్టారండీ," అందామె వెనకనుంచి. "మీ కాగితం అబద్ధమాడదంటారు కదండీ. నిజమేనా?"

"ఆడదమ్మా," అన్నాను.

ఆమె భర్త మీదికి వంగి అంది. "రేపు పొద్దున్న మన బోటు పగలగొట్టేస్తారంట. సంఘం పెద్దలు చెప్పేసేరు. వల కోసినోడికి ఈ ఒడ్డు మీద బోటుండదంట." అతను కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఆసుపత్రిలో డాక్టరు ఎలా తగిలిందని అడిగితే, బోటు మీంచి జారిపడ్డానన్నాడు. డాక్టరు అతని వీపు మీద కాలివేళ్ళ గుర్తులు చూసి, ఏమీ రాయకుండా కట్టు కట్టాడు.

ఇంటికొచ్చాను. తీసిన ప్రతి పటానికీ రెండో ప్రతి నా డైరీలో అంటిస్తాను, వచ్చిన వరసలోనే. ఆ మధ్యాహ్నం తీసి చూశాను. ముందు అన్న పటం, వెంటనే దెబ్బలు తిన్న బావ పటం. బావ గీత ఒకచోటుదాకా అలల మీద పోయే బోటులా వంకరటింకరగా వచ్చింది. అక్కడినుంచి స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా, చాలా దూరం దూకింది. అవతల మళ్ళీ వంకరటింకర, అలాగే పోయి పోయి కోసిన వలల చోటు. మోటారు బోటేదీ అలా దూకదు.

రెండు కాగితాలూ డైరీలోంచి చింపాను. నలభై ఏళ్ళలో నా డైరీలోంచి కాగితం చిరగడం అదే మొదలు. ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి నొక్కిపట్టాను. దూకిన తర్వాత ఉన్న గీత అంతా, ప్రతి మెలికా, కింది కాగితంలోని అన్న గీత మీద సరిగ్గా కూర్చుంది.

పటం గీసే ప్రోగ్రాముకి నేను చెప్పినది ఒకటే: సున్నా కనపడేదాకా చుక్కలు కలుపుతూ పో. బావ మధ్యలోంచి తిరిగొచ్చాడు కనక అతని చుక్కలు తక్కువ. అవి అయిపోయాక సున్నా ఉండాలి. ఆ సున్నాలను తీసేసినవాణ్ణి నేనే. ప్రోగ్రాము ఆగకుండా, అంతకుముందు అదే పేజీలో ఉన్న అన్న చుక్కల్లోకి వెళ్ళిపోయింది. అన్న తన సొంత దారి చూసి బావ చెయ్యి విరగ్గొట్టాడు. వల ఎవరు కోశారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

మర్నాడు తెల్లవారగానే బయల్దేరాను. సముద్రం పోటు మీద ఉంది. అల వచ్చి రాళ్ళకు గుద్దుకుని రోడ్డు దాటి అవతలి ఇంటి గోడను చరుస్తోంది. అప్పటికే సగం కూలిన గోడ అది. ఆటో డ్రైవరు ఇక రానన్నాడు. మోకాళ్ళదాకా తడుస్తూ నడిచాను. ఒడ్డుకు చేరేసరికి జనం మూగి ఉన్నారు. బావ బోటును తిరగేసి పెట్టారు. అన్న చేతిలో గొడ్డలి ఉంది. బోటు అడుగున అప్పటికే ఒక వేటు పడి, తెల్లగా నోరు తెరుచుకుని ఉంది. కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని బావ ఇసకలో కూర్చుని చూస్తున్నాడు. అతని భార్య పక్కన నిలబడి ఉంది.

"ఆగండి! ఇంకొక్క దెబ్బ వేయకండి. తప్పు నాది."

"పక్కకెల్లండి మాస్టారండీ, తగుల్తాది," అన్నాడు అన్న.

"షెడ్డులోకి రండి. కళ్ళతో చూశాక కొట్టుకోండి."

పెద్దలు ముందు నడిస్తే మిగతావాళ్ళు వచ్చారు. అన్న పెట్టె తగిలించి అతని పటం తీశాను. తర్వాత అట్టపెట్టె విప్పి కొత్త పెట్టె ఒకటి బయటికి తీశాను. దాని మీద ప్లాస్టిక్ కాగితం కూడా చింపలేదు. అందరి ఎదుటా చింపి తగిలించాను. కాగితం గరగరమంటూ వచ్చింది. దాని మీద ఒడ్డు నుంచి వలల చోటుదాకా గీత.

"ఇదెవరి బోటండీ?" అన్నాడు ఒక పెద్దాయన.

"ఎవరిదీ కాదండి. ఈ పెట్టె సముద్రం మొహం చూడలేదు."

"మరి గీతో?"

"అది ఇతనిది," అని అన్నను చూపించాను. "నిన్న కాగితంలో ఉన్నదీ ఇతనిదే. ఇతని రాత తుడవకుండా అదే పేజీ వాళ్ళ బావకిచ్చింది కంప్యూటరు. తుడవద్దని దానికి చెప్పింది నేను."

ఎవరికీ అర్థమైనట్టు లేదు. బావ భార్య చేపలమ్మే మనిషి, ఆమెకే ముందు అర్థమైంది.

"గంప కడక్కుండా ఇంకోళ్ళకిచ్చేరన్నమాట," అంది. "ముందోళ్ళ పొలుసు ఎనకోళ్ళ చేపకంటుకుంది."

"అంతేనమ్మా."

"ఎందుకు కడగలేదండీ?"

"కడిగితే ఆలస్యమవుతోందని."

ఆమె చంకలో ఉన్న ఖాళీ గంప ఎత్తి నా మొహం మీద కొట్టింది. కళ్ళజోడు పగిలింది. వెదురు ఈనె గుచ్చుకుని కనుబొమ మీంచి రక్తం కారింది. ఇంకోటి కొట్టింది. ఎవరూ ఆపలేదు, నేనూ చెయ్యి అడ్డం పెట్టలేదు. మూడోసారి ఎత్తేలోపు పక్కన పెద్ద చప్పుడైంది. అన్న గొడ్డలితో కంప్యూటరును నరుకుతున్నాడు. రెండో వేటుకి తెర పగిలింది, మూడో వేటుకి బల్ల విరిగింది.

"దాన్నెందుకన్నా నరుకుతావు?" అని అరిచింది ఆమె. "నా మొగుడి చెయ్యిరిచింది అదా? నువ్వు కాదూ?"

అన్న గొడ్డలి వదిలేశాడు. తిన్నగా బయటికి నడిచి బావ ముందు కూర్చున్నాడు. తిరగేసిన బోటు మీద తన కుడిచెయ్యి చాపి పెట్టి, తెడ్డు లాగి బావ ఎడమచేతిలో పెట్టాడు.

"కొట్టు బావా."

బావ తెడ్డు ఎత్తాడు. కొట్టేస్తాడనే అనుకున్నాం. కాసేపు అలాగే పట్టుకుని దించేశాడు.

"ఎడం చేత్తో గురి కుదరదు బావా. కుడిది బాగయ్యేక కొడతాను. అందాకా నా బోటుకి నువ్వేసిన బొక్క నువ్వే పూడ్చు."

ఆ మాట మీదే పెద్దలు వెళ్ళిపోయారు. అన్న అప్పుడే ఇసకలో బోర్లా పడుకుని బోటు అడుగు తడమడం మొదలుపెట్టాడు.

కొత్త కంప్యూటరు పెట్టేముందు ఆమె దగ్గరికి వెళ్ళాను. కనుబొమ మీద నాలుగు కుట్లు ఉన్నాయి. అవి చూసి కూడా ఆమె సారీ చెప్పలేదు.

"బోట్లు వచ్చేవేళ ఎవరైనా గంపలు కడుగుతారా మాస్టారండీ? బోట్లు రాకముందే కడిగి బోర్లించుకుంటాం, ఆయ్. అదీ తెలీదా?"

తెలియలేదు. తుడుపు మళ్ళీ పెట్టాను. ఈసారి కంప్యూటరు ఊరికే ఉన్న వేళల్లో పేజీలు ముందే తుడిచి సిద్ధంగా ఉంచేలా రాశాను. బైటు బైటు కాకుండా ఒక్క ఊపులో ఒక వరస మొత్తం తుడిచేలా మార్చాను. మామూలుకన్నా పెద్ద పేజీ అడిగితే ముందుగా వాడబోయే భాగాన్ని చివర్లో తుడుస్తుంది, ఆఖరున తుడిచింది కంప్యూటరుకి వెంటనే అందుతుందని. పెట్టెలోంచి చుక్కలను రెండుసార్లు కాపీ చేయడం కూడా మానిపించాను. ఇప్పుడు పటం ఇంచుమించు అప్పటంత వేగంగానే వస్తోంది. ఒకవేళ రాకపోయినా ఎవరూ నవ్వడంలేదు.

బావ కుడిచేతి రెండు వేళ్ళు ఇక వంగవని డాక్టరు చెప్పాడు. పెట్టె ఎడమచేత్తోనే తగిలిస్తాడు. అతని బోటు అడుగున వేసిన అతుకు వేరే రంగులో ఇక్కడికే కనిపిస్తుంది. అన్న కూడా అదే వరసలో నిలబడతాడు. ఎప్పుడైనా "బాగైందా బావా?" అని అడుగుతాడు. "ఇంకా లేదు," అంటాడు ఇతను, వేళ్ళు చూసుకోకుండానే.

ఆమె మాత్రం రోజూ షెడ్డు గుమ్మంలోకి వస్తుంది.

"కడిగేరా మాస్టారండీ?"

"కడిగేనమ్మా."

నా మాట వినిపించుకోదు. ముందు వచ్చిన కాగితం, తర్వాత వచ్చిన కాగితం ఒకదాని మీద ఒకటి పెట్టి, ఎండకేసి ఎత్తి చూసుకుని, అప్పుడు తన మొగుడి చేతికిస్తుంది.