పాలపీక బెజ్జం

ఆ పాలపీకకు బెజ్జం పెద్దది చేసింది నేనే. సూదిని స్టవ్ మీద ఎర్రగా కాల్చి, రబ్బరు పీక కొసలో గుచ్చి, రెండుసార్లు తిప్పాను. అలా చెయ్యొద్దని నాకు ముందే చెప్పారు కూడా.

చిల్లకల్లుకి కాస్త లోపలగా ఉన్న ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచరుగా అది నాకు మూడో ఏడు. బడి ప్రహరీని ఆనుకునే మా అద్దె ఇల్లు. మా ఆయన ఉద్యోగం నందిగామలో. పొద్దున్నే బస్సెక్కితే పొద్దుగూకాకే ఇల్లు చేరతాడు. మా పెరటి గోడకవతల గొర్రెల మంద ఉన్న కుటుంబం. ఒక పెద్దామె, ఆమె కొడుకు, ఏడాది కిందట కాపురానికొచ్చిన కోడలు. పెద్దామెను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమెకు నేను టీచరమ్మను. కోడలికి మేడంగారిని. ఆ అమ్మాయికి అప్పుడు నాలుగో నెల.

మిర్చి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో వాళ్ల గొర్రె ఒకటి కవల పిల్లల్ని ఈని రెండోరోజే చనిపోయింది. పిల్లలు రెండూ తెల్లవి, కళ్ల చుట్టూ మాత్రం కాటుక పెట్టినట్టు నల్లగా ఉండేవి. ఒకటి దిట్టంగా ఉంది. రెండోది బక్కది, నిలబడితే కాళ్లు వణికేవి. ఇంకో పాలిచ్చే గొర్రె దగ్గరకు తోస్తే అది వాసన చూసి తలతో కుమ్మేసింది. ఇక సీసా పాలే గతి. కానీ పెద్దమ్మా, కొడుకూ పొద్దున్నే మందతో చేలకు పోతారు. కోడలు కోతలకు ఆటో ఎక్కుతుంది. పగలు పాలు పట్టే మనిషి లేదు.

గోడ మీదుగా ఆ మాట విని నేనే అడిగాను. "మధ్యాహ్నం బడి వదిలినప్పుడూ, మళ్లీ సాయంత్రమూ నేను తాగిస్తాను పెద్దమ్మా. పొద్దున్నే మా వసారాలో వదిలి వెళ్లండి."

ఆమె సంబరపడింది. వచ్చి నా ముందే ఒకదానికి తాగించి చూపించింది. పిల్లను నేల మీద నిలబెట్టి, గడ్డం కింద చెయ్యేసి, సీసాను తల్లి పొదుగు ఎత్తులో పట్టుకుంది.

"ఇట్టా నిలబెట్టే తాపాల టీచరమ్మా. ఎల్లకిలా పండబెడితే పాలు ఊపిర్లోకి పోతయి. ఇదేమన్నా మనిషి పిల్లా? బెజ్జం కూడా సన్నగానే ఉండాల. అదే లాక్కోని తాగుద్ది. తొందర పెట్టబాకండి."

"అలాగే పెద్దమ్మా, నాకు తెలుసులే," అన్నాను. అప్పుడే తెలుసుకుంటూ తెలుసన్నాను.

తెల్లవారగానే కోడలు తమ సీసాతో ఒకసారి తాగించి, రెంటినీ గంపలో పెట్టి తెచ్చి మా వసారాలో దించేది. నా సీసా వేరే, జగ్గయ్యపేటలో కొనుక్కొచ్చాను. మొదటి నాలుగు రోజులు శ్రద్ధగా చేశాను. పాలు మోచేతి మీద చుక్క వేసుకుని వెచ్చదనం చూసేదాన్ని. అవి తాగుతుంటే తోకలు గిరగిరా తిరిగేవి. ఫొటోలు తీసి స్టేటస్‌లో పెట్టాను. బంధువులు, తోటి టీచర్లు, చర్చిలో వాళ్లు, అందరూ మెచ్చుకున్నారు. నీది ఎంత మంచి మనసు అన్నారు. ఐదో రోజుకి నేను ఆ పిల్లల కోసం ఎదురుచూస్తున్నానో, ఆ మాటల కోసం ఎదురుచూస్తున్నానో నాకే తెలియలేదు.

బక్కది చాలా నెమ్మదిగా తాగేది. బడి గంట కొట్టే వేళైనా సగం సీసా మిగిలే ఉండేది. ఆ విసుగులోనే సూది కాల్చాను. మర్నాడు శనివారం మధ్యాహ్నం, నందిగామ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, ఒళ్లో పడుకోబెట్టుకుని పాలు పట్టే వీడియో పెట్టవే. మా పిల్లలు అడుగుతున్నారు."

ఫోన్‌ను కిటికీ అంచున నిలబెట్టాను. బక్కదాన్ని తువ్వాల్లో చుట్టి, ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని, సీసా ఎత్తి పట్టాను. పాలు ధారగా దిగాయి. అది గుటకలు వేసింది, దగ్గింది. ముక్కులోంచి పాలు బుడగలుగా వచ్చాయి. నేను నవ్వి, "ఆగవే ఆశపోతా," అని ముక్కు తుడిచి మళ్లీ పట్టాను. ఆ నవ్వుతో సహా వీడియో పెట్టేశాను.

సాయంత్రానికి అది మూల నుంచి లేవలేదు. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. దగ్గరకు వెళితే గొంతులో గురగుర వినిపించింది. ఏం జరిగిందో ఆ క్షణంలోనే నాకు అర్థమైంది. కోడలు గంప తీసుకోడానికి వచ్చినప్పుడు చెప్పి ఉంటే ఏదైనా చేసేవాళ్లేమో, పశువుల డాక్టరుకైనా చూపించేవాళ్లేమో. నేను చెప్పలేదు. బక్కదాన్ని అడుగున, బలంగా ఉన్నదాన్ని పైన పెట్టి నా చేతులతోనే గంప అందించాను. ఆమె వెళ్లాక స్టేటస్ తీసేశాను. పీకను పెరట్లో నీళ్లు కాచే పొయ్యిలో పడేశాను.

ఆదివారం పొద్దున గోడకవతల పెద్దమ్మ గొంతు వినిపించి వెళ్లాను. పిల్ల గోనెపట్టా మీద చచ్చిపడి ఉంది. పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"నిన్న మీకాడ ఎట్టా ఉంది టీచరమ్మా? తేడాగా ఏమన్నా ఉందా?"

"లేదు పెద్దమ్మా. బాగానే తాగింది. సాయంత్రం దాకా గంతులు వేసింది."

గంతులు వేసింది అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఆ సంగతి నన్నెవరూ అడగలేదు. ఒక అబద్ధం చాలక రెండోది నేనే చేర్చాను.

పెద్దమ్మ కోడలి మీద విరుచుకుపడింది. "అయితే నువ్వే. పొద్దున్నే ఆటో వచ్చిందని సల్లపాలు పోసుంటావు. ఎన్నిసార్లు చెప్పా ఎచ్చబెట్టమని?"

"ఎచ్చబెట్టే పట్టా అత్తా," అంది ఆ అమ్మాయి. తర్వాత నా వైపు ఒకసారి చూసింది. ఆసరా కోసం చూస్తోందనుకుని నేను తల తిప్పుకున్నాను.

అక్కడి నుంచి నేరుగా చర్చికి వెళ్లాను. పాస్టరమ్మగారు గొర్రెపిల్లలు ఎలా ఉన్నాయని అడిగారు. ఒకటి పోయిందండి అనేసరికి నాకు ఏడుపు ఆగలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు వీపు నిమిరారు. నువ్వు చెయ్యగలిగింది చేశావమ్మా అని ఓదార్చారు. ఆ ఓదార్పు కాదనకుండా తీసుకున్నాను.

ఆ తర్వాత జరిగింది నేను అనుకోలేదు. పెద్దమ్మ రెండో పిల్లను పూర్తిగా నా చేతుల్లో పెట్టింది. "ఇంక మూడు పూటలా మీరే తాపండి టీచరమ్మా. మా కోడల్ని నమ్మలేం." కోడలు పొద్దున్నే పాల గిన్నె తెచ్చి మా గుమ్మంలో పెట్టి, పిల్లను ముట్టుకోకుండా వెళ్లేది. ఒకరోజు వీధి కుళాయి దగ్గర, బిందెలతో నిలబడ్డ పదిమంది ముందు, పెద్దమ్మ గట్టిగానే అంది. "గొర్రెపిల్లకే పాలు తాపలేంది, రేపు కన్నబిడ్డని ఎట్టా సాకుద్దో." ఆడవాళ్లు నవ్వారు. ఆ అమ్మాయి నిండని బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. నేనూ అక్కడే ఉన్నాను. నా బిందె నిండేదాకా ఉన్నాను.

రెండో పిల్లను ఎంతో జాగ్రత్తగా పెంచాను. కొత్త పీక కొన్నాను, నిలబెట్టి తాగించాను, స్టేటస్‌లు మానేశాను. అది గడ్డి కొరికే దాకా పెరిగి మందలో కలిసింది. ఊళ్లో నా పేరే చెప్పుకున్నారు. ఎవరైనా మెచ్చుకుంటే అక్కడి నుంచి లేచి వెళ్లాలనిపించేది. కానీ లేచేదాన్ని కాదు.

ఏడో నెలలో కోడలిని పుట్టింటికి పంపుతున్నారని తెలిసింది. వాళ్లది రెడ్డిగూడెం వైపు. వెళ్లే ముందురోజు మధ్యాహ్నం ఆమె ఒక్కతే బట్టలు సర్దుకుంటుంటే వెళ్లాను. నిలబడే చెప్పాను.

"ఆ పిల్ల చావడానికి కారణం నువ్వు కాదమ్మా. నేనే. పీక బెజ్జం పెద్దది చేశాను. ఒళ్లో పడుకోబెట్టి తాగించాను."

ఆమె మడత పెడుతున్న చీర పక్కన పెట్టింది. "తెలుసండి," అంది.

"ఎలా?"

"ఆ రోజు చేలో అన్నం తినేటప్పుడు ఫోన్లో మీ స్టేటస్ చూశానండి. ముక్కులోంచి పాలు రావడం కూడా కనపడింది."

"మరి మీ అత్తకు ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. అడగడానికి నాకేం అర్హత ఉందని ఆమె అనలేదు.

"నేను చెప్తే ఎవరు నమ్ముతారండి? మీరు టీచరుగారు. సాయంత్రం చూపిద్దామని తెరిస్తే అది లేదు. మీరు తీసేశారు." ఆమె గొంతులో కోపం లేదు. రోజూ నాతో మాట్లాడే మర్యాదతోనే అంది. "మీరే చెప్తారేమోనని ఆ పొద్దున మీ మొహం వంక చూశానండి."

ఆ సాయంత్రం మంద ఇంటికి రాగానే పెద్దమ్మకు అంతా చెప్పాను. ఆమె కాళ్లు కడుక్కుంటూ వింది. తిడుతుందనుకున్నాను. చెంబు కింద పెట్టి గట్టు మీద కూర్చుంది.

"పిల్ల పోతే పోయింది టీచరమ్మా. మందన్నాక పోతానే ఉంటయి. నా కోడల్ని నేను ఎన్నేసి మాటలన్నానో మీరు ఇంటానే ఉన్నారు గదా. ఒక్కసారన్నా ఆగమని అనాలనిపించలేదా మీకు?"

ఆమె లేచి లోపలికి వెళ్లింది. లోపల కోడలితో ఏమన్నదో నాకు వినపడలేదు. మర్నాడు బస్సుకు మాత్రం సంచి ఆమే మోసుకుని వెళ్లింది, కోడలి చేతికి ఏమీ ఇవ్వకుండా.

ఆ అమ్మాయిని అవమానించింది కుళాయి దగ్గర కాబట్టి అక్కడే చెప్పాలనుకున్నాను. పొద్దున్నే బిందె పట్టుకుని వెళ్లి, అక్కడున్న ఆడవాళ్లందరికీ జరిగింది చెప్పాను. ఒకరిద్దరు బిందెలు జరుపుకుంటూ విన్నారు.

"అయ్యో, దానికింత బాధ దేనికి మేడం," అంది ఒకామె. "మీకేం తెల్సుద్ది గొర్రెల సంగతి? పొరపాటు ఎవరికైనా జరుగుద్ది."

"సదువుకున్నామె కాబట్టి ఒప్పుకుంది. ఎంత మంచిదో చూడండి," అంది ఇంకొకామె.

అంతే. ఆ అమ్మాయిని మూడు నెలలు ఎగతాళి చేసిన నోళ్లు నన్ను ఒక్క నిమిషంలో క్షమించేశాయి. పైగా అందులోనూ నాకు మంచిపేరే మిగిలింది. నన్ను ముందుకు రమ్మని దారి ఇచ్చి, నా బిందె కుళాయి కింద వాళ్లే పెట్టారు. ఆ వంతు తీసుకోకూడదనిపించింది. బడికి టైమవుతోందని తీసుకున్నాను.

ఆ అమ్మాయి ఆడపిల్లను కని, బిడ్డకు మూడో నెలలో తిరిగొచ్చింది. ఇప్పటికీ ఎదురుపడితే "బాగున్నారా మేడంగారూ" అని పలకరిస్తుంది. నేను బాగున్నానంటాను. పోయిన చలికాలం వాళ్ల మందలో మళ్లీ ఒక పిల్లకు తల్లి లేకుండా పోయింది. ఆమే కోతలు మానుకుని ఇంటిదగ్గరుండి పాలు పట్టింది. నన్ను అడగలేదు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తూ, గోడకవతల ఆమె దాన్ని పిలవడం విన్నాను. ఆరేయడం అవగానే లోపలికి వచ్చేశాను.